దాక్కోవడం చేతకాని మా వదిన

మా వదిన వస్తోందంటే వీధి మొదట్లోనే తెలిసిపోతుంది. ఆసుపత్రి లాండ్రీలో పని చేసే మనిషి. ఓ పక్క బట్టలుతికే పెద్ద పెద్ద మిషన్లు, ఇంకో పక్క ఆవిరి ఇస్త్రీ, ఆ మోతలో అరిస్తే తప్ప పక్కవాళ్ళకి వినబడదు. దుప్పటికి ఆ కొస ఒకరు, ఈ కొస తను పట్టుకుని, అరుచుకుంటూ మడతలు పెట్టీ పెట్టీ, ఇంటికొచ్చాక కూడా గొంతు తగ్గించడం మర్చిపోయింది. "మంచినీళ్ళు కావాలా?" అని అడిగినా తగువుకొచ్చినట్టే ఉంటుంది. మా ఇంటికొస్తే, తలుపు బార్లా తెరిచి ఉన్నా సరే, గుమ్మం బయట నిలబడి దగ్గి, "ఉన్నారా?" అని కేకేసి కానీ లోపలికి అడుగు పెట్టదు. చాటునుండి వినడం, పిల్లిలా వెనకనుంచి వచ్చి భయపెట్టడం లాంటివి చిన్నప్పుడు కూడా చేసి ఉండదు. అలాంటి మనిషి, నక్కి నక్కి నడవాల్సిన ఆట ఒకటి ఆడటానికి కూర్చుంది. నవ్వాలో ఏడవాలో తెలీక నేను పక్కన కూర్చున్నాను.

అసలు సంగతి మా అన్నయ్యది. అన్నయ్య బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్ల తప్పిపోయి ఆఫీసులో కూర్చుని ఏడుస్తోందో అన్నీ ఆ గొంతులోంచే ఊరికి తెలిసేవి. ఇంట్లో మాత్రం మాటల్లో మహా పిసినారి. ఉన్న మాటలన్నీ లోపలే దాచుకునేవాడు. "మైకు ముందు వాగ్ధాటి, నా ముందు మౌనవ్రతం" అని వదిన దెప్పేది. అయినా వదిన అడిగిన ప్రతిదానికీ "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ"లలో ఏది ఒప్పుకోలో, ఏది విసుగో, ఏది అసలు వినలేదో వదినకి తప్ప ఎవరికీ తెలిసేది కాదు.

ఓసారి ఎవరో స్టూడియోవాళ్ళు బస్టాండులో ఆ గొంతు విని, విదేశాల్లో చేసిన వీడియో గేమ్‌ని తెలుగులోకి తెస్తున్నామని, అందులో కాపలావాళ్ళకి గొంతులు కావాలని అన్నయ్యని తీసుకెళ్ళారు. సాయంత్రం వేడినీళ్ళు తాగుతూ చెప్పాడు:

"రోజంతా నన్ను కాపలావాణ్ణి చేశారే. 'ఎవరక్కడ' అని ఒకటే అరిపించడం. చివర్లో చంపేశారు. కత్తి దిగితే ఒకలా, నీళ్ళలో పడితే ఒకలా, ఎన్ని రకాలుగా చచ్చానో."

బొమ్మ చూపించలేదట. ఏ కాపలావాడో, ఏ ఊరి కాపలావాడో చెప్పలేదట. మేం కడుపుబ్బా నవ్వుకుని మర్చిపోయాం.

ఆ తర్వాత గొంతులో జబ్బు వచ్చింది. స్వరపేటిక తీసేస్తే కానీ మనిషి దక్కడన్నారు. తీసేశారు. మనిషి దక్కాడు. ఇప్పుడు మెడ కింద చిన్న కంతలోంచి ఊపిరి తీసుకుంటాడు, దాని మీద పల్చటి గుడ్డ కట్టుకుంటాడు. చెప్పాల్సింది చేతులతో చెబుతాడు, కుదరకపోతే ఫోన్‌లో కొట్టి చూపిస్తాడు. "మనిషి ఉన్నాడు, అంతే చాలు" అని అందరం అన్నాం, వదిన కూడా అంది. కానీ అన్నాళ్ళూ ఊరంతా విన్న గొంతు ఇంట్లో ఎక్కడా మిగల్లేదని కొన్నాళ్ళకి తెలిసింది. పాత ఫోన్ బకెట్లో పడిపోయింది. పెళ్ళి వీడియోలో మాటలు తీసేసి పాటలు పెట్టారు. కొత్త ఫోన్‌లో తీసిన వీడియోల్లో అన్నయ్యే కెమెరా పట్టుకుని నోరు మూసుకున్నాడు. వదిన ప్రతి చుట్టాన్నీ అడిగింది. ఎవరి దగ్గరా లేదు. అడగడం మానేసింది కానీ, బస్టాండు దగ్గర అన్నయ్య బదులు పెట్టిన మిషన్ గొంతు వినబడితే నా చెయ్యి పట్టుకుని పక్క సందులోకి లాక్కెళ్ళేది.

ఈ గేమ్ బయటికి వచ్చిందని చెప్పింది మా అమ్మాయి. కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుంది, సెలవు దొరికితే ఈ ఆటల్లోనే పడుంటుంది.

"అందులో మీ మామయ్య ఉంటారా?" అంది వదిన.

"ఉండొచ్చత్తా. మళ్ళీ వేరేవాళ్ళతో చెప్పించేసి కూడా ఉండొచ్చు. చూస్తేగానీ తెలీదు."

అన్నయ్య ఫోన్ తీసి ఏదో కొట్టి వదినకి చూపించాడు. ఒకళ్ళు చూస్తే సరిపోదన్నట్టు నాకూ చూపించాడు. 'పోయినదాన్ని వెతకొద్దు' అని ఉంది.

"మీ కోసం కాదు లెండి, నా కోసం వెతుక్కుంటున్నా" అంది వదిన. అన్నయ్య లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆ తలుపు నాకు నచ్చలేదు. ఇంత గొడవ ఎందుకు, వద్దంటే మానేయొచ్చుగా అని వదిన మీదా కోపమొచ్చింది, తలుపేసుకున్నందుకు అన్నయ్య మీదా కోపమొచ్చింది.

మా అమ్మాయి తన ఆటల పెట్టెని టీవీకి తగిలించి, రెండు చేతులతో పట్టుకునే ఆ కంట్రోలర్‌ని వదినకి ఇచ్చింది. దాని నిండా బొత్తాలే. తెర మీద ఒక అడవి. చంద్రుడు రెండు ముక్కలై ఆకాశంలో వేలాడుతున్నాడు. ముసుగేసుకున్న ఆడమనిషి ఒకతి గడ్డిలో నిలబడి ఉంది.

"ఈవిడెవరు?" అన్నాను.

"అది అత్తే" అంది మా అమ్మాయి.

"నేను ఇక్కడున్నాగా?" అంది వదిన.

"ఇక్కడా నువ్వే, అక్కడా నువ్వే."

"మరి ఎక్కడికెళ్ళాలి?"

"ఎక్కడికైనా వెళ్ళొచ్చత్తా. అదే దీని గొప్ప. ఈ రాజ్యం మొత్తం నీ ఇష్టం."

వదిన దిక్కులు చూసింది. పని చోట ఏ బట్టల బండి ఏ వార్డుకో రాసుంటుంది. బస్టాండులో ఏ బస్సు ఎక్కడికో మా అన్నయ్య చెప్పేవాడు. ఇక్కడ చెప్పే దిక్కే లేదు. ఏదో నొక్కితే ముసుగావిడ గంతేసింది. ఇంకేదో నొక్కితే ఉత్తపుణ్యానికి కత్తి దూసింది. గుర్రమెక్కించబోతే గుర్రానికి అటువైపు దూకి కొండమీంచి పడి చచ్చింది. తెర ఎర్రబడి, మళ్ళీ అదే గడ్డిలో లేచి నిలబడింది.

"చచ్చిపోయింది కదే!" అన్నాను.

"మళ్ళీ లేస్తుందమ్మా."

"మరైతే ఇంక భయమెందుకు?"

నా మట్టుకు నాకు అంతా అయోమయం. ఒక కాకి మాట్లాడుతోంది. ఒక ముసలావిడ నీలంగా వెలిగే పుట్టగొడుగులు తెమ్మని అడిగింది, ఎందుకని అడిగే వీలు లేదు. రాజు చచ్చాడంటారు, అందరూ ఆయనకే భయపడతారు. దారిలో ఒక ఇల్లు కనబడితే, లోపలికెళ్ళి పెట్టెలో ఉన్నవి తీసుకోమంది మా అమ్మాయి.

"ఎవరిల్లు?" అంది వదిన.

"ఎవరిదో. ఇంట్లో ఎవరూ లేరుగా, తీసేసుకో."

"ఎవరూ లేనప్పుడు వెళ్ళడమేమిటే? నువ్వు నేర్చుకున్నది ఇదా?" అని వదిన నా వైపు చూసింది, ఆ పెంపకం నాదే కదా మరి. ఆ గుమ్మం ముందు ముసుగావిడని కాసేపు నిలబెట్టింది. ఎవరూ రాకపోయేసరికి వెనక్కి తిప్పింది.

ఇలాగైతే తెల్లారినట్టే అనుకుని మా అమ్మాయి కంట్రోలర్ లాక్కుంది. కాపలావాళ్ళున్న కోటకి తనే తీసుకెళ్తానంది. అదేం ఆడిందో గానీ, ముసుగావిడ కూర్చునే నడిచింది, పొదల్లో దూరింది, గోడలు పాకింది. ఇనప టోపీలవాళ్ళు దీపాలు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. వాళ్ళ వెనకనుంచి, పక్కనుంచి, నెత్తిమీంచి వెళ్ళిపోయింది. కోట ఒకటి దాటింది, ఇంకోటి దాటింది.

"చూశావా అత్తా? ఒక్కడు కూడా నన్ను చూళ్ళేదు!"

"ఒక్కడూ నోరు కూడా విప్పలేదు" అంది వదిన.

"చూస్తే కదా మాట్లాడేది? తెర పైన ఈ కన్ను బొమ్మ ఉందే, అది తెరుచుకుందంటే మనల్ని చూసినట్టు. అప్పుడే అరుస్తారు."

"అయితే చూడనీ. ఇటివ్వు."

"అత్తా, ఇది దాక్కునే ఆట!"

"నేను దాక్కోవడానికి రాలేదు" అని వదిన కంట్రోలర్ తీసుకుంది. నడవడం మాత్రం ఈపాటికి వచ్చింది. మరీ ఎక్కువ వచ్చింది. నడి వీధిలో, దీపాల కింద, గుండెలు విరుచుకుని నడిపించింది. కన్ను తెరుచుకుంది. "పట్టుకోండి!" అని ఒకడు కీచుగా అరిచాడు. "వీడు కాదు" అంది. చచ్చింది. మళ్ళీ లేచింది. ఇంకోచోట ఇంకొకడు, జలుబు చేసిన గొంతు. "వీడూ కాదు." పొడిపించుకుని చచ్చింది. మార్కెట్లో కూరలు ఏరినట్టు కాపలావాళ్ళని ఏరుతోంది. మా అమ్మాయి తల పట్టుకుని, "అత్తా పరిగెత్తు, కనీసం కత్తి అయినా తియ్యి" అని గింజుకుంది. వింటేనా.

గోదాముల దగ్గర ఒకడు అరిచాడు, "ఎవరక్కడ?" అని. గంభీరమైన గొంతు.

"వదినా, అన్నయ్యే! అన్నయ్యే వీడు!"

"కాదు."

"నాకు తెలీదా? పుట్టిన దగ్గర్నుంచీ విన్నాను."

"మాట చివర సాగదీశాడు చూడు. మీ అన్నయ్య సాగదీయరు, తుంచేస్తారు."

నాకు చుర్రుమంది. తోడబుట్టినదాన్ని నాకు తెలీకపోవడమేమిటి? మళ్ళీ అరిపించమన్నాను. అరిపించింది. వాడు నిజంగానే సాగదీశాడు. నేను కుర్చీలో వెనక్కి జారబడ్డాను. అన్నయ్య గొంతు నాకు గుర్తుందని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను. ఎవడో పరాయివాడు అరిస్తే అన్నయ్యే అనేశాను. భయమేసింది. ఈ పెట్టెలో గనక దొరక్కపోతే, ఇంకొన్నాళ్ళకి ఏ గొంతు వినిపించినా అదే అనేసుకుంటానేమో.

మధ్యాహ్నమైంది. వదిన కళ్ళు ఎర్రబడ్డాయి. "ఇంక వాళ్ళు మార్చేసి ఉంటారత్తా" అని మా అమ్మాయి మెల్లిగా అంది. తెర మీద వాన పడుతోంది. నది మీద ఒక వంతెన, అవతల గేటు, గేటు దగ్గర గడ్డమున్న లావుపాటివాడొకడు దీపం పట్టుకుని నిలబడ్డాడు. వదిన వంతెన మధ్యలోంచి నడిపించింది. కన్ను తెరుచుకుంది.

"ఎవరక్కడ?"

తుంచేసినట్టు ఉంది. వదిన చేతులు ఆగిపోయాయి. ఈసారి నన్నెవరూ అడగలేదు. గడ్డంవాడు దీపం పైకెత్తాడు.

"ముందుకు రా. మొహం చూపించు."

ముసుగావిడ కదలకుండా నిలబడింది. వాడు వచ్చి ఒక్క వేటు వేశాడు. తెర ఎర్రబడింది. మా అమ్మాయి చెయ్యి చాపి ఏదో నొక్కింది. మళ్ళీ వంతెన, మళ్ళీ వాన.

"ఎవరక్కడ? ముందుకు రా. మొహం చూపించు."

మళ్ళీ చచ్చింది. మళ్ళీ లేచింది. ఈసారి వదిన వంతెన మీద కొంచెం వెనక్కి జరిగి చీకట్లో నిలబడింది. గడ్డంవాడు అటూ ఇటూ చూసి, "ఎవరూ లేరు. గాలి కాబోలు" అని గొణుక్కున్నాడు. అచ్చంగా ఇంట్లో గొణుక్కున్నట్టే. నేను పమిట నోటికడ్డం పెట్టుకున్నాను. వదిన మళ్ళీ దీపం వెలుగులోకి తెచ్చి నిలబెట్టింది.

లోపలి గది తలుపు తెరుచుకుంది. అన్నయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. టీవీ కట్టేస్తాడేమో, ఇంత చెప్పినా వినలేదని కోప్పడతాడేమో అనుకున్నాను. అన్నయ్య తెర వైపు చూశాడు. తన గొంతు పెట్టుకుని నిలబడ్డ ఆ గడ్డంవాణ్ణి తను చూడటం కూడా అదే మొదలు. మొహంలో కోపం లేదు. పరాయివాళ్ళ ఒంటి మీద తన చొక్కా చూసినవాడిలా తెల్లబోయాడు.

"ఎవరక్కడ?" అన్నాడు గడ్డంవాడు.

అన్నయ్య పెదవులు కదిలాయి. తెర మీద మాట, ఇక్కడ పెదవులు, ముందూ వెనకా కాకుండా ఒక్కసారే. మెడ మీది పల్చటి గుడ్డ లోపలికీ బయటికీ ఆడింది. నాకు ఎటు చూడాలో తెలీలేదు. మాట అటునుంచి వస్తోంది, మాట్లాడుతున్నది ఇటు. వదిన మాత్రం టీవీ వైపు చూడటం లేదు. కంట్రోలర్ ఒళ్ళోంచి జారిపోయినా తీసుకోలేదు. లేచి అన్నయ్య ముందుకు వెళ్ళి నిలబడింది.

"ముందుకు రా" అన్నాయి టీవీ, అన్నయ్య పెదవులు. "మొహం చూపించు."

"నేనేనండీ" అంది వదిన.

వెనక తెర మీద గడ్డంవాడు ముసుగావిడని నరికేశాడు. నాకు వెక్కి వెక్కి ఏడుపొచ్చింది. మా అమ్మాయి కంట్రోలర్ నేల మీంచి తీసి, ఎవర్నీ ఏమీ అడక్కుండా, మళ్ళీ వంతెన దగ్గర్నుంచి మొదలుపెట్టింది.