మేక మింగిన చీటి

కాదు, నేను ఒప్పుకోను. "నా ఫీలింగ్, నా పాట, నచ్చకుంటె వినకు" అని మా బావ నిన్న పొద్దుగాల సంది నాలుగోసారి మెసేజ్ పెట్టిండు. వినకుండ ఎట్లుంటం? బస్సుల నా ఎన్క సీట్ల పోరగాడు అదే ట్రాక్ మోగిస్తుండె. బావంటె మా అమ్మ మేనబావ కొడుకు, ర్యాప్ చేస్తడు. మంచిగనే చేస్తడు, అబద్ధమెందుకు, బీట్ పడితె నా తల కూడా ఊగుతది. కానీ ఈ కొత్త పాటల తనను వద్దన్న పిల్లను పేరు పెట్టి తిట్టిండు, పైసలున్నోళ్ల ఎన్క తిరుగుతదని. ఆ పిల్ల నా కాలేజే. నిన్నటికి వారం సంది వస్తలేకుండె. నేను ఇంటోళ్ల గ్రూప్ల పెట్టి కడిగేసిన. అసొంటి పాటలు బంద్ పెట్టియ్యాలె అని ఒక చిన్నాయన, పాటన్నంక అన్నీ ఉంటయి అని ఒక అన్న. నాకు ఇద్దరి మీద మండింది. ఎందుకంటె ఈ పంచాయితీ మా ఇంట్ల కొత్తది కాదు. ఎనభైలల్ల జహీరాబాద్ల ఒకసారి నడిచింది, తీర్పు కూడా వచ్చింది.

అప్పటికి నేను పుట్టలే. కానీ ఎండకాలం సెలవులకు మా పెద్దమ్మింటికి పోతే, ఆమె నోట విని విని నాకు నేను చూసినట్టే అనిపిస్తది. మధ్యాహ్నం దవాఖాన డ్యూటీ దిగి వచ్చి, నర్సు చీర మార్చుకోని, ముందట ఒక తట్టెడు అల్లం పెట్టుకొని చెంచతోని పొట్టు గీకుకుంట చెప్పేది. ఇల్లంతా అల్లం వాసన, కండ్లల్ల కొంచెం మంట. నాకు కోహీర్ జామకాయ ఉప్పుకారం రాసి ఇచ్చేది, ఫోన్ పక్కకు పెడితెనే. పెడితె కథ, పట్టుకుంటె చుప్. అట్ల నేను ఫోన్ పక్కకు పెట్టిన గంటలు నా జన్మల అవే.

అప్పుడు పెద్దమ్మ పదో తరగతి. ఆ వాడల పది దాక వచ్చిన మొదటి ఆడపిల్ల. తాత చెరుకు బండి తోలేటోడు. హోలీకి ముందు తొమ్మిది దినాలు మొగపిల్లలు కోలలు కొట్టుకుంట ఇంటింటికి జాజిరి పాడుకుంట వచ్చేటోళ్లు, కాముని కాల్చెతందుకు పిడకలు, కట్టెలు అడిగేటోళ్లు. ఆ పాటలల్ల మోటు మాటలుండేటియి, ఎవ్వలు ఏమనకపోయేది. అండ్ల పాట కట్టెటోడు మా మామ, అంటే ఇప్పటి మా బావ వాళ్ల నాయన. పెద్దమ్మకు మేనబావ. "నిన్నే చేసుకుంట" అని ఎన్నిసార్లు అన్నా ఈమె మొఖం తిప్పుకొని పోయేది. ఆ ఏడు మామకు రోషమొచ్చింది. ఫలానా ఇంటి పిల్ల సంచిల పుస్తకాలు కావు, చీటీలున్నయట, బడి పేరు చెప్పి చెరుకుతోట బాట పడుతదట అని పాట కట్టిండు. రెండు దినాలల్ల ఊరంత పాకింది. ఫోన్లు లేకుండనే, సూడున్రి.

తాత న్యాల్‌కల్ దిక్కు కెళ్లి చెరుకు తెస్తుంటె, ముందటి బండాయన అదే పాట కూని రాగం తీస్తున్నడంట. ఎన్క ఎవలున్నరో ఆయనకు తెల్వదు. తాత ఇంటికొచ్చి ఎడ్లను కూడా ఇడువలే. "పరీక్ష లేదు గిరీక్ష లేదు. రేపటి సంది గడప దాటితె కాళ్లు ఇరుగుతయి" అన్నడు. పరీక్షకు పదిహేను దినాలున్నయి. పెద్దమ్మ హాల్ టికెట్‌ను బియ్యం డబ్బల అడుగుకు తోసింది, తాత చింపుతడని. బియ్యం కొలిచినప్పుడల్ల చెయ్యి పెట్టి ఉన్నదా లేదా అని తడుముకునేదంట. నాకు ఈ ముక్క వచ్చినప్పుడల్ల ఇప్పటికీ కోపంతోని చెవులు ఎర్రగైతయి.

అయితె ఆ వాడల ఒక రివాజుండె. జాజిరోళ్లు పాడినంక, ఆ ఇంటి ఆడోళ్లు గడప మీద నిలబడి జవాబు పాడొచ్చు. అప్పుడు కోలలు ఆపాలె. జవాబుకు అక్కడికక్కడ జవాబు కట్టలేకపోతె, ఆ పాట మళ్ల ఆ వాడల పాడొద్దు, పిడక కూడా ముట్టొద్దు. ముసలోళ్లు తప్ప ఎవ్వలు వాడుకోలేదు దాన్ని. పెండ్లి కాని పిల్ల గడప మీద నిలబడుడా, చాల్లె.

తెల్లారి పొద్దు గూకంగ జాజిరోళ్లు వచ్చిన్రు. మామ ముందట, ఎన్క పదిహేను మంది. పాట అందుకున్నరు. తాత లోపల గోడకు మొఖం పెట్టి కూసున్నడు. అమ్మమ్మ పెద్దమ్మ చెవుల "వాని చెల్లెను తియ్యే, వాని చెల్లె మీద పాడు, అప్పుడు మండుతది" అన్నది. మామ చెల్లె అంటే పెద్దమ్మకు చిన్నప్పటి సంది దోస్తు. "అదేం చేసిందమ్మా పాపం?" అని, గడప మీదికొచ్చి నిలబడ్డది. కోలలు ఆగినయి. తలుపు చెక్క పట్టుకొని పాడిందంట:

గోడ మీదికెళ్లి పడ్డదొక్క చీటి
గడ్డి అనుకొని మింగెనమ్మ మేక ఒకటి
మూడు దినాలాయె, మేకకేమొ బేది
రాసినాయన వచ్చె, మందు ఏది ఏది

ముచ్చట నిజమే. మామ చీటి రాయికి చుట్టి గోడ అవుతలికెళ్లి ఇసిరితె, అది మేకను కట్టేసిన కాడ పడ్డది. ఎదురింటి ముసలామెకు ముందుగాల నవ్వొచ్చింది. తర్వాత మామ ఎనుకున్నోళ్లే నవ్వుడు మొదలుపెట్టిన్రు. మామ కోలలు రెండుసార్లు కొట్టిండు గని జవాబు కట్టలేకపోయిండు. అంతల ఇంట్లకెళ్లి దగ్గు లెక్క ఒక చప్పుడు. తాత నవ్వుతున్నడు.

బయటికొచ్చి తాత అడిగిన మొదటి మాట, "మేక నిజంగనే తిన్నదా?"

"తిన్నది బాపు. అందుకే సరిగ్గ పాలిస్తలేదు."

మూడు దినాల సంది పాలు తక్కువైనయని అమ్మమ్మను తిడుతున్నడంట ఆయన. మామ దిక్కు చూసి "ఇగ పో బిడ్డా, పిడకలు లేవు" అన్నడు, అంతే. పరీక్ష నాడు చెరుకు బండి మీదనే కూసోబెట్టుకొని సెంటర్ దాక తోలిండు. "గడల మీద కూసుంటె కుచ్చుకున్నయి గని, ఆ పొద్దు ఊపిరి ఆడినట్టు మళ్ల ఎన్నడు ఆడలే బిడ్డా" అనేది పెద్దమ్మ. అనుకుంట ఇంకో అల్లం ముక్క తీసుకునేది. నేను మస్తుసార్లు అడిగిన, ఆ పాటలు బంద్ పెట్టియ్యకపోయినవా అని. "వాని నోరు వానిది. నా గడప కాడికొచ్చి పాడిండు కాబట్టి నాకు నా వంతొచ్చింది. వంతు లేకుంటె అది పాట కాదే, రాళ్లేసుడు" అన్నది.

ఫోన్ల గడప ఏడుంది చెప్పున్రి. అందుకే నిన్న బస్సులకెళ్లే పెద్దమ్మకు ఫోన్ కొట్టి, మేక పాట పాడించుకొని, గ్రూప్ల ఏసిన. కింద రాసిన, "బావా, ఇది మీ నాయనకు వచ్చిన జవాబు. ఆ పిల్లకు జవాబు పాడెతందుకు గడప నువ్వే చూపియ్యి, లేకుంటె పేరు తియ్యి." ముందుగాల మామ వాయిస్ మెసేజ్ పెట్టిండు, జహీరాబాద్ల ఇత్తనాల దుకాణంల కూసొని. పగలబడి నవ్వి, "ఆ మేక నన్ను కాపాడింది. చీటి చదివుంటె మీ పెద్దమ్మ ఇంకా పెద్ద పాట కట్టేది" అన్నడు. తర్వాత బావ, "పేరు తీసేస్త. ఆ లైన్ కూడా." తీసేసిండు. ఇయ్యాల ఆ పిల్ల కాలేజీకి వచ్చింది. క్యాంటీన్ల నా ఎదురుంగ కూసొని సగం సమోసా తిన్నది, నాకు ఎంత నిమ్మలమైందో చెప్పరాదు.

నలభై ఏండ్లయింది. మామ పాటల ఒక్క లైన్ మామకే యాది లేదు. మేక పాట మాత్రం నా ఫోన్లకొచ్చింది. ఏ మాట ఉంచాల్నో కాలం నిమ్మలంగ ఏరుకుంటది, గని గడప మీద తలుపు చెక్క పట్టుకొని నిలబడ్డోళ్లకు అంత టైముండదు. కాదంటరా? అయితె మీ పాట నా మొఖం మీద పాడి, కోలలు ఆపి, నా జవాబు దాక నిలబడే దమ్ముందా?