సార్ నోటుబుక్కులో నేను రాసిన వాక్యం

మా ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే సిస్టమ్స్ సార్ పోయారు. బుధవారం పొద్దున్న మా రిసెప్షన్ అమ్మాయి ఫోన్ పెట్టేసి, "లింగంపల్లి నుంచండీ. సార్‌కి తెల్లవారుజామున గుండెపోటు వచ్చిందట, ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే..." అని ఏడ్చేసింది. నాకు మాత్రం వెంటనే కన్నీళ్ళు రాలేదు. ముందుగా వచ్చిన ఆలోచన ఏమిటో చెబితే మీరు నన్ను తిడతారు. 'ఇక ఆ సంగతి తెలిసినవాళ్ళెవరూ లేరు' అనుకున్నాను. తిట్టండి, పడతాను. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. మా ఆఫీసు వాళ్ళు చదివినా సరే.

మాది మాదాపూర్‌లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసు. విదేశీ డాక్టర్లు రికార్డు చేసి పంపిన రోగుల వివరాలను హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని టైపు చేస్తాం. మొత్తం మూడు వరసలు, అందరం ఆడపిల్లలమే. సార్ అంతకుముందు ప్రభుత్వ దవాఖానలో ఎక్స్‌రే యంత్రాలు బాగుచేసేవారు. రిటైరయ్యాక, మనవలతో కూర్చునే వయసులో, కంప్యూటర్లు నేర్చుకున్నారు. చొక్కా జేబులో పెన్నుకి బదులు స్క్రూడ్రైవరు ఉండేది. టీ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగేవారు. ఎవరైనా నవ్వితే, "నవ్వుండ్రి. నా నాలుక గాలుతదా, మీదా?" అనేవారు.

దవాఖాన అలవాటు ఆయన్ని వదల్లేదు. రోగి మంచానికి చార్టు తగిలించినట్టు, ప్రతి కంప్యూటరుకీ దారంతో ఒక నోటుబుక్కు కట్టారు. కంప్యూటరు ఆగిపోయి నీలం తెర పడినప్పుడల్లా, అప్పుడు ఏం చేస్తున్నామో అందులో రాయాలి. "చూసింది రాయి బిడ్డా. అనుకున్నది రాయకు," అని ప్రతిదానికీ చెప్పేవారు. ఇంకో మాట కూడా అనేవారు: "రోగమొచ్చిన దినం గాదు, అంతకు ముందు దినం ఏం తిన్నడో అడగాలె."

నాకు నోరెక్కువ, చెయ్యి ఇంకా ఎక్కువ. ఒక కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలో సౌండ్ కార్డుకి కొత్త డ్రైవరు కనబడింది. డ్రైవరంటే కార్డు మాట కంప్యూటరుకీ, కంప్యూటరు మాట కార్డుకీ అందించే చిన్న ప్రోగ్రాము. సార్ దాన్ని దుబాసి అనేవారు. కొత్తదైతే ఆ డాక్టర్ల గొణుగుడు కాస్త స్పష్టంగా వినబడుతుందని నా కంప్యూటరులో వేసేశాను. వినబడింది కూడా! నా గొప్పలు విని మా వరసలో మిగతా అయిదుగురూ మాకూ అంటే మాకూ అన్నారు. అందరికీ వేసిపెట్టాను. సార్‌ని అడగకుండా ఏదీ వేయకూడదని రూలు. మేమెవరమూ అడగలేదు.

మూడో రోజు నుంచి మా వరసలో కంప్యూటర్లు పడిపోవడం మొదలైంది. కాలికింద పెడల్ తొక్కి రికార్డింగు వెనక్కి తిప్పితే ఒక్కోసారి ఏమీ అయ్యేది కాదు, ఒక్కోసారి నీలం తెర. గంటసేపు టైపు చేసింది గంగలో కలిసేది. మేనేజరు మా నెత్తిమీద నిలబడి అరిచేవాడు.

నర్సమ్మ మా ఆఫీసు ఊడ్చి తుడిచేది. పాలమూరు వైపు మనిషి, గోపన్‌పల్లిలో కిరాయి గదిలో ఇద్దరు పిల్లలతో ఉండేది. ఒకరోజు ఆమె నా బల్లకింద తడిగుడ్డ పెడుతుండగా తెర నీలమైంది. వెనకనుంచి మేనేజరు వస్తున్నాడు. నోటుబుక్కు తీసి రాశాను: 'నర్సమ్మ తుడుస్తూ వైరు లాగింది.'

లాగడం నేను చూడలేదండీ. సీడీ మీద అనుమానం రాలేదా అంటే, వచ్చింది. వచ్చింది కాబట్టే అలా రాశాను.

ఆ సాయంత్రమే, ఎవరు రాశారో చెప్పకుండా, బుక్కులో నీ పేరుందని నర్సమ్మని రేపట్నుంచి రావద్దన్నారు. "నేను వైరు ముట్టలే సారూ, నా పిల్లల మీద ఒట్టు," అని ఆమె మేనేజరు గది ముందు నిలబడి అంటుంటే, మేమంతా తలలు దించుకుని టైపు చేస్తూనే ఉన్నాం. సార్ ఆ రోజు సెలవు.

మర్నాడు వచ్చి, సంగతి విని, అన్ని నోటుబుక్కులూ బల్లమీద పరిచి చాలాసేపు చూశారు. "ఆమె మూడు వరసలు తుడుస్తది గద. ఒక్క వరసనే ఎందుకు పడుతున్నయి?" అన్నారు. తర్వాత నా కుర్చీలో కూర్చుని, తప్పనిసరి అయినవి తప్ప డ్రైవర్లన్నీ ఆపేసి కంప్యూటరుని లేపారు. ఇక ఒక్కొక్కటే కలపడం, పెడల్ తొక్కడం, ఆగి చూడడం. సౌండ్ కార్డు డ్రైవరు కలిపాక నాలుగోసారి తొక్కేసరికి తెర నీలమైంది. ఆ ఫైలు తేదీ చూసి, పక్క వరసలో అదే ఫైలు తేదీ చూసి వచ్చారు. రెండూ కలవలేదు. నేను వేసింది అదే కంపెనీ వాళ్ళ వేరే కార్డుకి చేసిన డ్రైవరట.

"ఇది ముందు దినం ఏం తిన్నది బిడ్డా?" అన్నారు, నా మొహం చూడకుండానే.

చెప్పేశాను. సీడీ సంగతి, వైరు సంగతి, అన్నీ. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. "మిషన్ నేను బాగుజేస్త. నువ్వు రాసింది నువ్వే బాగుజెయ్యి. మేనేజర్‌కు నువ్వే జెప్పు. జర జల్ది జెప్పు, ఆమెకు పిల్లలున్నరు," అన్నారు.

"రేపు చెప్తాను సార్."

ఆయన ఫ్లాపీలోంచి పాత డ్రైవర్లు ఎక్కించారు, పడడం ఆగిపోయింది. తప్పు వైరుది కాదని మేనేజరుకి ఆయనే చెప్పారు. అయితే ఆ డ్రైవరు వేసిందెవరని మేనేజరు నిలదీస్తే, "వేసినోళ్ళే చెప్తరు," అన్నారట. తామూ వేయించుకున్నారు కాబట్టి మా వరసలో ఎవరూ నా పేరు బయటపెట్టలేదు. ఈ వయసులో మీకెందుకండీ ఈ ఉద్యోగం అని అందరి ముందూ మాట పడ్డారు. నర్సమ్మ చోటులో అప్పటికే వేరే మనిషి వచ్చేసింది.

ప్రతి సోమవారం నా బల్ల దగ్గర ఆగేవారు. "చెప్పినవా బిడ్డా?" "ఈ వారం తప్పకుండా సార్." నాలుగు సోమవారాలు అడిగారు. అయిదో సోమవారం ఆగకుండా వెళ్ళిపోయారు. అయ్యో, అది భరించలేకపోయాను. అయినా చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతుందని భయం, అంతే. దానికి వేరే పేరు పెట్టను.

ఫోన్ వచ్చిన బుధవారమే లింగంపల్లిలో ఆటో దిగి సార్ ఇంటికి వెళ్ళాను. సార్ మొహం ప్రశాంతంగా ఉంది. జేబులో స్క్రూడ్రైవరు లేదు. అప్పుడు ఏడుపొచ్చింది. ఆయన భార్య పక్కన కాసేపు కూర్చుని బయటికి వచ్చేసరికి, గేటు దగ్గర ఎవరో వంగి, దారికడ్డంగా పడి ఉన్న చెప్పుల్ని జతలు జతలుగా సర్దుతున్నారు. నర్సమ్మ.

"మంచిగున్నవా అమ్మా?" అంది నన్ను చూసి. తనను సార్ గోపన్‌పల్లికి వెతుక్కుంటూ వచ్చి, ఈ వీధి చివరి బడిలో ఆయాగా పెట్టించారని చెప్పింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆ బుక్కుల నా పేరు రాసిందెవరు సారూ అని ఎన్నిసార్లడిగిననో. చెప్పలె. 'రాసినామెనే వస్తది నర్సమ్మా, ఫికర్ జెయ్యకు' అన్నడు. ఇగ సారే పాయె. ఆమె ఏడికొస్తదమ్మా?"

"వచ్చింది నర్సమ్మా. నేనే రాశాను. నువ్వు వైరు ముట్టడం నేను చూడలేదు."

ఆమె చేతులు ఆగిపోయాయి. అప్పుడు ఆమె చేతుల్లో ఉన్నవి నా చెప్పులే, ఆఫీసు గుమ్మం దగ్గర ఆమె రోజూ చూసినవే. నా మొహం చూసింది, వాటిని చూసింది. వాటిని తీసుకెళ్ళి వరసలో పెట్టలేదు. నా కాళ్ళ ముందు, వీధివైపు తిప్పి ఉంచి, పక్కన పడి ఉన్న జత కోసం వంగింది.