పోయొస్త అనని రూతమ్మ

మా రూతమ్మ కన్నుమూసింది. హైదరాబాదు దవాఖానలో గుండె ఆపరేషన్ బల్ల మీదనే ప్రాణం పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను పెనం మీద జొన్నరొట్టె వేసి ఉన్నాను. ఫోన్ చెవికి పెట్టుకుని అట్లనే నిలబడిపోయాను. రొట్టె మాడి బొగ్గయింది. ఆమె పార్థివదేహాన్ని నారాయణఖేడ్‌కు తెచ్చి, సమాధుల తోటలో మట్టిచ్చి వచ్చిన తర్వాత కూడా ఈ అశనిపాతం నా బుద్ధికి ఎక్కడం లేదు. నాకు అక్షరం నేర్పిన పిల్ల మరణవార్తను అవే అక్షరాలతో రాయవలసి వస్తుందని కలలోనైనా అనుకోలేదు.

రూతమ్మ నా చెల్లె ఎస్తేరు బిడ్డ. పిల్ల చిన్నతనంలోనే ఎస్తేరు చనిపోయింది. అప్పటినుంచి నా దగ్గరే పెరిగింది. నేను బస్‌డిపో ముందు రొట్టెలు చేసి అమ్మేదాన్ని. ఎటన్నా పోవాలంటే బస్సు బోర్డు చదవడం రాక "గిది కంగ్టి పోతదా?" అని గిరాకీలనే అడిగేదాన్ని. కాలేజీలో చేరిన ఏడు ఈ పిల్ల నా పిండిపళ్లెం ముందుకు లాగి, పిండి చదును చేసి, వేలితో 'క' రాసింది.

"గీ వయసుల నాకెందుకే?" అన్నాను.

"పిండిల రాయి పెద్దమ్మా. తప్పైతె ఎవ్వలు చూడరు. కలిపి రొట్టె చేసి అమ్మెయ్."

అట్లా నా తప్పులన్నీ ఖేడ్ జనం తిన్నారు.

చదువు పూర్తయ్యాక ఆమె ఎంచుకున్న వృత్తి మా వాళ్లెవరికీ అర్థం కాలేదు. ఫోన్లలో, కంప్యూటర్లలో ఆడే సాహసక్రీడలకు కథలూ మాటలూ రాసేది. హైదరాబాదులోని ఒక కంపెనీకి ఇంట్లో కూర్చునే రాసి పంపేది. "ఆటలకు గూడ కథలుంటయా?" అని పాస్టరమ్మ అడిగితే, "కథ లేకుంటె ఉత్త బొత్తాలు ఒత్తుడే గదమ్మా" అన్నది. రచన అంటే పుస్తకాల్లోనే ఉంటుందని నమ్మేవాళ్లు ఆమెను రచయిత్రి అని ఒప్పుకోరు. నేను ఒప్పుకుంటాను. నాలుగు మాటలతో మనిషి గొంతు పట్టుకోగలిగినవాళ్లు అరుదు. మా పిల్లకు ఆ విద్య ఉంది.

ఆమె చివరి కృతి పేరు 'రెండు వాకిళ్లు'. ఒకే తలుపుకు ఇటొక లోకం, అటొక లోకం. ఇటు కరువు, అటు వాన. ఇటున్న ప్రతి మనిషికీ అటు ఒక జోడు ఉంటుంది. కథానాయిక చిన్న పిల్ల. ఇటు చనిపోయిన ఆమె తల్లి అటు బతికే ఉంది. ఆ తల్లిని వెతుక్కుంటూ పిల్ల తలుపు దాటుతుంది, రాక్షసులతో కొట్లాడుతుంది, పోగొట్టుకున్న తాళంచెవులు సంపాదిస్తుంది.

ఇట్లాంటి ఆటల కథలకు కొన్ని సంప్రదాయాలు ఉన్నాయట. ఒక్కొక్కటీ నాకు విడమరిచి చెప్పేది. తలుపు కాడ ఒక ముసలమ్మ కాపలా ఉండాలి. దారి అడిగితే పొడుపుకథ విప్పమనాలి. ఆ ముసలమ్మ గొంతు నాదే కావాలని ఫోన్ నా నోటి ముందు పెట్టింది.

"ఏ ముసల్ది గిట్ల మాట్లాడ్తదే? తొవ్వ అడిగితె తొవ్వ చెప్తది. లేకుంటె తిడ్తది," అన్నాను. పకపకా నవ్వి పొడుపుకథలన్నీ కొట్టేసి తిట్లు రాసింది.

"అటు లోకంల నా జోడు గూడ ఉన్నదా?" అని అడిగాను.

"ఉన్నది. ఆమె ఎవ్వల్ని ఒక్క మాట అనది."

"అయితె అది నేను గాదు. తీసెయ్ దాన్ని."

తీసేసింది. ఆ ఆటలో జోడు లేనిది ముసలమ్మకు ఒక్కదానికే.

అన్నిటికన్నా పెద్ద సంప్రదాయం ఇంకొకటి. ఆటలో చచ్చినవాడు మళ్లీ లేస్తాడు. రూతమ్మ పంతమంతా దాని మీదనే. "లేసుడు మంచిదే పెద్దమ్మా. లేవకుంటె ఆట ఎట్ల నేర్చుకుంటరు? గని ఒక్క సావన్న సావు లెక్క ఉండాలె. లేకుంటె బతుకుకు గూడ ఇలువుండది," అనేది.

అందుకని చివరి ఘట్టంలో పిల్ల తన తల్లిని అటే విడిచి రావాలి. అటు ఆ తల్లికి తన సొంత బిడ్డ ఉంది, ఈ పిల్లకు జోడైన బిడ్డ. గడప మీద ముసలమ్మ నా గొంతుతో అడుగుతుంది: "పోతున్నవా, పోయొస్తవా?" తెర మీద రెండు మాటలు కనిపిస్తాయి. 'పోయొస్త' ఒత్తితే ఎంత తిరిగినా మళ్లీ ఆ తల్లి వాకిట్లోనే తేలతారు. 'పోతున్న' ఒత్తితేనే తలుపు మూతపడి కథ సమాప్తమవుతుంది.

చిక్కు ఇక్కడే పడింది. ముందుగా పరీక్షించడానికి ఆటను ఖేడ్‌లో తెలిసినవాళ్ల ఫోన్లలో వేసింది. ఒక్కరంటే ఒక్కరు పూర్తి చేయలేదు. మనూర్ ఆటో నడిపే యాదయ్య రొట్టెకోసం వచ్చి రూతమ్మతో గొడవకు దిగాడు.

"ఏందక్కా గిది? తల్లిని చూసుడు, ఎల్లుడు, మళ్ల గా వాకిట్లనే తేలుడు! ఆట కరాబైందా?"

"ఇంకో మాట ఉన్నది గద, ఒత్తకపోయినవా?"

"'పోతున్న' అనాల్నా? తల్లి ముందల? మా అమ్మ ముందల గా మాట జారితె చెంప పగలకొడ్తది!"

నేనూ యాదయ్య పక్షమే. మా దిక్కున గడప దాటేవాళ్లెవరూ ఆ మాట అనరు. పాలకు పోయినా, పట్నం పోయినా పోయొస్త అనే అంటారు. వట్టిగా పోతున్న అనేది పాడె ఎక్కినవాళ్లకే చెల్లు. రూతమ్మ ఇది తెలియని పిల్ల కాదు. తెలిసే పెట్టింది.

కంపెనీలో ఆ ఆట బాధ్యత చూసే వికాస్ ఫోన్ చేశాడు. "రూత్, ఎవరూ పూర్తి చేయలేని ఆటను ఎవరు కొంటారు? తల్లిని వెంట తీసుకొచ్చేలా ముగిద్దాం, అందరూ సంతోషిస్తారు. నువ్వు ఆపరేషన్‌కు వెళ్లేలోపు సరిచేసి పంపు. లేదంటే మేమే మార్చేస్తాం."

చిన్ననాటి జ్వరం ఆమె గుండెను తినేసింది. అప్పటికే రెండు మాటలు కలిపి అంటే ఆయాసం వచ్చేది. ఆపరేషన్‌కు మంచం ఖాళీ అయినప్పుడు పిలుస్తామని దవాఖానవాళ్లు చెప్పారు. ఫోన్ మోగిందంటే ఇద్దరం ఉలిక్కిపడేవాళ్లం. దవాఖాననో, వికాసో. ఏది ముందు వస్తుందో, ఆట ఏమవుతుందో, పిల్ల ఏమవుతుందో అని నాకు అన్నం సహించేది కాదు.

"మార్చెయ్యే. తల్లిని తెచ్చుకోనియ్. నీదేం పోతది?" అన్నాను.

"తెచ్చుకుంటె అటున్న బిడ్డకు తల్లేది?"

"అయితె మాటన్న మార్చు. పోయొస్త అంటేనే తలుపు మూయి. పీడ పోతది."

ఆమె ముఖం కందిపోయింది. "మా అమ్మ గదే అన్నది నాతోటి. 'పోయొస్త బిడ్డా' అని దవాఖానకు పోయింది. నేను గడప మీద నిలవడ్డ. మీరు మట్టిచ్చి వచ్చినంక గూడ నిలవడ్డ. తినమంటె, అమ్మ వచ్చినంక తింట అన్న. యాదికున్నదా?"

యాదికి ఉంది. గడప మీదినుంచి ఆ పిల్లను ఎత్తుకుని లోపలికి తెచ్చింది నేనే. కాళ్లు వాచి ఉన్నాయి.

"పోయొస్త అన్నోల్లు రాకుంటె నిలవడ్డోల్లు గట్లనే నిలవడ్తరు పెద్దమ్మా. గా ఆశ పెట్టుడే నాకొద్దు."

నేను ఆమె వీపు వెనుక ఇంకో దిండు పెట్టాను.

పడుకునే రాసింది. దిండుకు ఆనుకుని, ఊపిరి అందనప్పుడల్లా ఆగి, మళ్లీ రాసింది. మాట మార్చలేదు. పిల్ల పోయొస్త అని వెళ్లిపోయాక వెనుక తల్లి ఏం చేస్తుందో చూపించింది. మొదటిసారి తల్లి గడప మీద నిలబడి చేయి ఊపుతుంది. పిల్ల మళ్లీ వచ్చి, మళ్లీ అదే మాట అని పోతే, అక్కడే నిలబడి ఉంటుంది. లోపల పళ్లెంలో రొట్టె ఎండిపోతుంది. ఇంకోసారికి ఆ తల్లి కాళ్లు వాచి ఉంటాయి. లోపలినుంచి సొంత బిడ్డ "అమ్మా" అని పిలిచినా తిరిగి చూడదు.

యాదయ్య మా అరుగు మీద కూర్చుని ఆడాడు. ఆటోలో మనూర్ మనుషులు జల్దీ రమ్మని కేకలు వేస్తున్నారు. అతనికి వినిపించడం లేదు. "కూసోవమ్మా... అరే, కూసో," అని ఫోన్‌ను బతిమాలుతున్నాడు. నా గొంతు మళ్లీ అడిగింది, పోతున్నవా, పోయొస్తవా. అతని వేలు చాలాసేపు గాలిలోనే ఉంది. రూతమ్మ ఊపిరి బిగబట్టి చూస్తున్నది. డాక్టర్ చూస్తే ఇద్దరినీ తిట్టేవాడు.

ఒత్తాడు. ఆటలోని తల్లి మెల్లగా వెనక్కి తిరిగింది, లోపలికి పోయింది, బిడ్డ పక్కన కూర్చుని రొట్టె తుంచింది. తలుపు మూతపడింది.

యాదయ్య తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "గింత ఏడిపిస్తవా అక్కా? నీ ఆట పాడుగాను!" అని తిట్టి వెళ్లి ఆటో ఎక్కాడు. వికాస్‌కు కూడా ఆ ముగింపే పంపింది. అతని దగ్గరినుంచి ఒకే మాట వచ్చింది: "ఉండనీ." ఆ పూట రూతమ్మ కడుపునిండా తిన్నది. తెల్లవారి దవాఖాన ఫోన్ వచ్చింది.

నా మోకాళ్లతో ఆ దవాఖాన మెట్లు ఎక్కలేనని నన్ను రావద్దన్నది. చర్చి అక్కలిద్దరు వెంట బయలుదేరారు. కారు వాకిట్లో ఆగింది. గడప మీద చెప్పులు తొడుక్కుని నా దిక్కు చూసింది.

"పోతున్న పెద్దమ్మా."

నా ఒళ్లు భగ్గుమన్నది. "థూ! ఏం మాటనే అది? పోయొస్త అను!"

అనలేదు. చర్చి అక్కలు ముఖాలు తిప్పుకున్నారు.

"అను బిడ్డా. నా కోసమన్న అను."

నా చేయి పట్టుకున్నది. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి. "వస్తె వస్త. గని నువ్వు నిలవడకు. కూసో. తిను." నేను అరుగు మీద కూర్చునేదాకా కారు కదలనివ్వలేదు.

ఆత్మకు శాంతి కలగాలని పెద్దలు ప్రార్థించారు. నేనూ తల వంచాను. కానీ ఆమె స్థానంలో నిలబడగల మనిషి నాకు కనబడడం లేదు. మా నోటి మాటను యథాతథంగా పరలోకపు తలుపు దాకా మోసుకుపోయి, అది ఎంత బరువో చూపించిన పిల్ల ఇంకెక్కడ దొరుకుతుంది? ఆట ఇప్పుడు ఎందరో ఆడుతున్నారట. ముక్కూ మొహం తెలియని ఊళ్లలో నా గొంతు అడుగుతూనే ఉందట.

రూతమ్మా, నువ్వు చెప్పినట్టే కూర్చున్నాను. ఇది కూర్చునే రాశాను. రొట్టె తిన్నాను. వాకిట్లో కారు ఆగిన చప్పుడైతే మాత్రం ఈ కాళ్లు వాటంతటవే లేస్తున్నాయి. నువ్వు పోయొస్త అనలేదని వాటికి ఎవరు చెప్పాలి?