కామాగారి నత్తలు

ప్రెస్సులో అందరూ ఆయన్ని కామాగారంటారు. ప్రూఫులు దిద్దే మనిషి కాబట్టి కొంత, మాట మధ్యలో ఆగిపోతాడు కాబట్టి కొంత. నత్తి. మొదటి అక్షరం దగ్గరే నాలుక మొండికేస్తుంది. ఆగి వినే ఓపిక లోకానికెక్కడిది? ఎదుటివాళ్ళు జాలిపడి, తమకు తోచినట్టు ఆయన మాటని తామే పూర్తి చేసేస్తారు. ఆయన తలూపేస్తాడు. కాదనాలంటే మళ్ళీ ఇంకో మాట మొదలుపెట్టాలి కదా!

నత్తలు అలాగే ఇంటికొచ్చాయి. రెండేళ్ళ క్రితం పెంపుడు చేపలమ్మే కొట్టుకెళ్ళి "న... న..." అన్నాడు. ఆయనకి కావలసింది నల్ల చేపలు.

"నత్తలా సార్? భలే అడిగారు, నిన్ననే వచ్చాయి," అంటూ కొట్టువాడు నాలుగు నత్తల్ని నీళ్ళ కవర్లో వేసి ముడేశాడు. కామాగారు తలూపి డబ్బిచ్చాడు.

అన్నగారింట్లో హాలే ఆయన గది. నలభై మూడేళ్ళ మనిషికి ఒక మంచం, పక్కన బల్ల, బల్ల మీద అద్దాల తొట్టి. టీవీ ఆగేదాకా నిద్ర లేదు. మొహం కడుక్కుని వచ్చేసరికి మంచం మీద ఎవరిదో స్కూలు బ్యాగు. తొట్టి మాత్రం ఆయనది. నత్తల పెంకు పలచబడకుండా గుడ్డు పెంకులు పొడి చేసి వేస్తాడు. కీరాముక్క ఉడకబెట్టి వేసి, మిగిలింది మర్నాడు తీసేస్తాడు. అవి పైకొచ్చి గాలి పీల్చుకుంటాయని నీళ్ళు అంచుకి రెండంగుళాలు తగ్గించి పోస్తాడు, పాకి బయటపడకుండా మూత పెడతాడు.

ఒకసారి పెద్ద నత్త మూడు రోజులు ముడుచుకుపోయి కదల్లేదు. "చచ్చింది, పారెయ్యవయ్యా," అంది వదిన. ఆయన పారెయ్యలేదు, ఆగాడు. నాలుగో రోజు అది మెల్లగా కొమ్ములు బయటపెట్టింది. కామాగారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. వింతేమిటంటే, నత్తలతో మాట్లాడేటప్పుడు ఆయనకి నత్తి రాదు. అవి తొందరపెట్టవు.

ఈమధ్య ప్రెస్సువాళ్ళు పక్క ఊళ్ళో కొత్త బ్రాంచి తెరిచారు. అక్కడికెళ్ళే ప్రూఫురీడరుకి మేడమీద విడిగా గది. తలుపున్న గది! కామాగారు ఒక్క తప్పు లేకుండా దరఖాస్తు రాసిచ్చాడు. వారం రోజులు ఆయన కాళ్ళు నేలమీద ఆనలేదు.

శుక్రవారం మేనేజరు పిలిచాడు. దరఖాస్తు చేతిలోనే ఉంది.

"సోమవారం ఆర్డరు పంపాలి. నోటితో ఒక్క మాట చెప్పండి. వెళ్తారా, వెళ్ళరా?"

"వె... వె..."

పాడు భాష! 'వెళ్తాను'కీ 'వెళ్ళను'కీ మొదలు ఒకటే. తేడా అంతా చివర్లో ఉంది. ఆ చివరిదాకా ఆయన్ని ఎవరు పోనిచ్చారు గనక?

"వెళ్ళనంటారు, నాకు తెలుసు లెండి. అన్నగారి పిల్లల్ని వదిలి మీరెక్కడ ఉండగలరు? ఏమీ అనుకోను," అంటూ మేనేజరు దరఖాస్తు మీద ఎర్రగీత కొట్టేశాడు.

కామాగారి తల ఊగింది. ఇరవయ్యేళ్ళుగా దీర్ఘం పోతే ఊరుకోని మనిషి, తన బతుకులో ఇంత పెద్ద అచ్చుతప్పుకి తలూపి వచ్చాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా తొట్టి ముందు కూర్చున్నాడు. పెద్ద నత్త అద్దం మీద పాకుతూ పైదాకా వచ్చి, మూత తగిలి ఆగిపోయింది.

"నేను వెళ్తాను," అన్నాడు దానితో. ఎక్కడా తడబడలేదు. ఈసారి గట్టిగా అన్నాడు. "నేను వెళ్తాను."

"ఎక్కడికయ్యా?" అంది వదిన వంటింట్లోంచి.

ఆ ఇంట్లో మొదటిసారి ఒకరు ఆయన మాట చివరిదాకా విన్నారు. విని, అడిగారు. ఇప్పుడు చెప్పేస్తే చాలు. అన్నయ్య ఒక్క ఫోను చేస్తాడు, సోమవారంలోగా ఆ ఎర్రగీత చెరిగిపోతుంది. లేచి నిలబడ్డాడు. కొత్త బ్రాంచికి. రెండే మాటలు.

"కొ... కొ..."

"కొట్టుకా? అయితే వస్తూ వస్తూ ఉప్పు పట్టుకురా."

ఆయన తలూపాడు. తలుపు వెనక మేకుకున్న సంచి తీసుకుని కొట్టుకి బయల్దేరాడు.