వాగు దగ్గర దించిన ఎల్లమ్మ

మా అమ్మ సారవ్వ మొక్కని దేవుడు గోదావరిఖనిలో లేడు. గనిలోకి దిగే చోట ఉన్న మైసమ్మకు కొబ్బరికాయ, మేడారం తల్లులకు బెల్లం, పక్కింటి లతీఫున్నీసా చెప్పిన దర్గాకు చాదర్, శుక్రవారం ఒక్కపొద్దు, సోమవారం ఒక్కపొద్దు. వారంలో ఆమె కడుపునిండా తిన్న రోజులు తక్కువ. ఇంతమందిని మొక్కిన మనిషి ఇంట్లో ఇంటిదేవత మాత్రం లేదు. వంట చేసుకునే మూలలో ఎర్రమట్టితో అలికిన గద్దె ఒకటి ఉండేది. దాని మీద ఏమీ ఉండేది కాదు. నేను చిన్నప్పుడు ఆటలో ఒకసారి దాని మీద కూర్చుంటే నా వీపు చిట్లింది. ఏమీ లేని గద్దెకు ఇంత మర్యాద ఎందుకని నాకు ఒళ్లు మండేది.

ఆ గద్దె మీద ఉండాల్సింది ఎల్లమ్మ. మా వాళ్లు గౌండ్లవాళ్లు. కమాన్‌పూర్ అవతల ఒక పల్లెలో మా నాయన సదయ్య తాటిచెట్లు ఎక్కేవాడు. మోకు నడుముకు కట్టేముందు ఎల్లమ్మను తలుచుకోవడం, గీసిన కల్లులో మొదటి చుక్కలు ఆమె పేరున నేల మీద చిలకరించడం ఆయనకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. ఒక ఏడు వేలంలో చెట్లన్నీ ఎవరో పెద్ద కాంట్రాక్టరుకు పోయాయి. అప్పటికి గోదావరిఖనిలో కొత్త గనులు తెరుస్తున్నారు. టబ్బుల్లో బొగ్గు నింపే పనికి మనుషులు కావాలంటే నాయన వెళ్లి నిలబడ్డాడు, పని దొరికింది. రోజూ ఆకాశంలోకి ఎక్కిన మనిషి భూమిలోకి దిగడం మొదలుపెట్టాడు. ఇది అరవై మూడో సంవత్సరం సంగతి.

గుడిసెల వాడలో జాగా చూసి, గుడిసె వేసి, లోపల ఎల్లమ్మకు గద్దె కట్టి, ఇంటివాళ్లను రమ్మని కబురు పెట్టాడు నాయన. తాను రాలేకపోయాడు. కొత్త డ్యూటీ, నాగా పెడితే పని పోతుందని భయం. ఊళ్లో ఉన్నది మా నాయనమ్మ ఐలవ్వ, మా అమ్మ, మూడేళ్ల మా అక్క కనకవ్వ. అక్కకు ముందు అమ్మకు ఇద్దరు పుట్టి పోయారు. అందుకని అక్కను అమ్మ కింద నడవనిచ్చేది కాదు.

సామాను బండి మీద వస్తుంది గానీ దేవత అట్లా రాదు. పసుపు రాసిన కుండ, అందులో గవ్వలు, బండారు, మూతి మీద వేపమండలు. అదే మా ఎల్లమ్మ. ఆమెను కదిలించాలంటే ఎల్లమ్మ కొలుపులు చేసే బైండ్లాయన రావాలి. మా బైండ్లాయన కొమురెల్లి వచ్చి, జమిడిక వాయించి, కథ పాడి, తల్లి సరేనన్నదని చెప్పి, అమ్మకు కట్టడి పెట్టాడు.

"ఇను సారవ్వా. ఇంటి కోడలే మోయాలె. ఉత్తకాళ్లతోని నడువాలె. నోరిప్పొద్దు, ఎనుకకు మల్లొద్దు. నడుమల యాడ దించితె తల్లి గాడనే కూసుంటది. గాడికెల్లి లేపుడు నాతోని గాదు."

బయలుదేరే రోజు పొద్దున అక్కకు ఒళ్లు కాలిపోతోంది.

"రెండొద్దులు ఆగి పోదామత్తా" అంది అమ్మ.

"తల్లిని లేపినంక ఆగుతరా బిడ్డా? ఆమె మనెంబడే వస్తున్నది గదా. ఆమె సూసుకుంటది" అంది నాయనమ్మ.

ఆ మాట నాయనమ్మ కోపంగా అనలేదు. నిజంగా నమ్మే అంది. అమ్మ కూడా నమ్మింది. కుండ నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది. వెనక బండి. బండి తోలేది మా ఊరి నర్సింగం. సామాన్ల మధ్య నాయనమ్మ, ఆమె ఒళ్లో అక్క.

ఎండ ముదిరేసరికి ఒక వాగు వచ్చింది. నీళ్లు మధ్యలో మడుగులా మాత్రం ఉన్నాయి. అమ్మ ఇసుకలోకి దిగింది. కాళ్లు కాలుతున్నాయి. అప్పుడు వెనక నుంచి నర్సింగం కేక.

"అక్కా, పిల్ల కొట్టుకుంటున్నది. కండ్లు తేలేసింది. పండ్లు కరుసుకపోయినయి."

అమ్మ ఆగింది. తిరగలేదు. ఆమె ఎదురు చూసింది నాయనమ్మ గొంతు కోసం. అత్త ఏదో ఒకటి అంటుంది, నడువు అంటుంది, లేకపోతే రమ్మంటుంది. అత్త నోట మాట లేదు. అంటే నడవమనే కదా అర్థం. అమ్మ నడిచింది. కాసేపు నడిచింది. నర్సింగం మళ్లీ పిలిచాడు. ఈసారి అతని గొంతు పలచబడింది.

అమ్మ కుండను ఇసుకలో దించి వెనక్కి పరుగెత్తింది.

అక్కను లాక్కుని మడుగులో కూలబడి, కొంగు తడిపి తల మీద, ఒంటి మీద పిండుతూ కూర్చుంది. చాలాసేపటికి అక్క ఏడ్చింది. ఆ ఏడుపు విని అమ్మ తానూ ఏడ్చింది. ఒడ్డుకు వచ్చి చూస్తే, నాయనమ్మ బండి దిగి కుండ ముందు నిలబడి ఉంది.

నర్సింగం మంచివాడు. మెల్లగా అన్నాడు. "ఎవలు సూసిండ్రవ్వా? మనమే గదా ఉన్నది. ఎత్తుకొని పోదాం."

"ఆమె సూడలేదా?" అంది నాయనమ్మ, కుండ వైపు చూపిస్తూ.

కుండను దించిన చోటే ఉంచి, చుట్టూ రాళ్లు జరిపి, పసుపు చల్లి, బండి ఎక్కింది. అమ్మ అక్కను చంకనేసుకుని నడిచింది. నెత్తి మీద బరువు లేకపోవడం ఆ రోజు తనకు తెలిసినంతగా ఎప్పుడూ తెలియలేదని అమ్మ చెప్పేది.

గుడిసె ముందు నాయన డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, కొత్త ధోతి కట్టుకుని నిలబడి ఉన్నాడట. చేతిలో నీళ్ల చెంబు, దేవత కాళ్లు కడగడానికి. ఖాళీ నెత్తితో వస్తున్న అమ్మను చూసి, "తల్లేది?" అని అడిగాడు.

"వాగు కాడ కూసున్నది" అంది నాయనమ్మ, బండి దిగుతూ.

నాయన అమ్మను చూశాడు. చంకలో వడలిపోయిన అక్కను చూశాడు. చెంబులో నీళ్లు గుమ్మంలో పారబోసి లోపలికి పోయాడు. అమ్మ ఆ రాత్రి తిట్లకు సిద్ధపడి కూర్చుంది, దెబ్బలకూ సిద్ధపడింది. ఎవరూ ఏమీ అనలేదు. మరుసటి పొద్దున నాయన మొదటి షిఫ్టుకు పోయాడు. వానాకాలం వెళ్లాక, గనికి సెలవైన ఒక ప్లేడే నాడు వాగు దాకా నడిచి వెళ్లొచ్చాడు. రాళ్లు కూడా లేవట, వరద తీసుకుపోయింది.

ఇక అక్కడి నుంచి మా అమ్మ భయం మొదలైంది. తిట్టి ఉంటే ఆ భయం కొంత తగ్గేదేమో. ఇంటిదేవతను దారిలో వదిలేసిన కోడలు, రోజూ భూమి కడుపులోకి పోయే మొగుడు. ఈ రెండింటినీ ఆమె ఒక్క చోట ముడివేసుకుంది. నాయన గనిలోకి దిగిన దగ్గర నుంచి పైకి వచ్చేదాకా ఆమె ఎంగిలిపడేది కాదు. షిఫ్టు దిగి ఆయన ఎవరితోనైనా మాట్లాడుతూ ఆలస్యం చేస్తే, ఇంటికి రాగానే చీపురు విసిరికొట్టేది. పాపం ఆయనకు బీడీ తాగుతూ నలుగురితో నిలబడే సుఖం కూడా లేకుండా చేసింది.

"గిన్ని దేవుళ్లకు మొక్కుతవు గదా సారక్కా, ఇంక ఏంది నీకు ఫికర్?" అని లతీఫున్నీసా నవ్వేది. ఆమె భర్త మహమూద్ అదే గనిలో మెకానిక్.

"మొక్కేటోళ్లందరు పరాయోళ్లేనాయె. మా ఇంటామె అలిగి పోయింది" అనేది అమ్మ.

లతీఫున్నీసా నవ్వు ఆపేసేది.

నేను పుట్టాక నాయన ఒకసారి ధైర్యం చేశాడు. కొమురెల్లిని పిలిపించి కొత్త కుండ పెట్టించి, దాని ముందు రంగుల ముగ్గుతో పట్నం వేయిద్దామన్నాడు. అమ్మ ముఖం అప్పుడే వెలిగింది. నాయనమ్మ వక్కాకు నములుతూ, "వద్దు" అంది.

"ఎందుకే అవ్వా?" అన్నాడు నాయన.

"వద్దంటున్న గదా."

కొమురెల్లి టీ తాగి వెళ్లిపోయాడు. అమ్మ ఇంటి వెనక్కి పోయి కడుపారా ఏడ్చింది. అత్త తనను క్షమించలేదని, క్షమించదని, గద్దెను ఖాళీగా ఉంచేది తనకు రోజూ గుర్తు చేయడానికేనని ఆమెకు ఖాయమైపోయింది. నాకూ నాయనమ్మ మీద అదే కోపం ఉండేది. ముసలామెది ఇంత రాతిగుండె ఏమిటనుకునేదాన్ని. ఆమె మాత్రం అమ్మ వండింది తింటూ, అమ్మ పిల్లలను సాకుతూ, కనకవ్వను ఒక్క క్షణం కంటి ముందు నుంచి కదలనివ్వకుండా, గద్దె వైపు చూడకుండా బతికింది.

డెబ్బై రెండో ఏడు ఎండాకాలం. ఇంకా మధ్యాహ్నం కాలేదు. మహమూద్ డ్యూటీ బట్టలతోనే మా గుమ్మం ముందుకు వచ్చాడు. ఆ వేళలో ఆ బట్టలు చూడగానే అమ్మకు తెలిసిపోయింది.

"భాభీ, సదన్నకు దెబ్బ తాకింది. పానానికి ఫికర్ లేదు. జల్ది నడువు, దవాఖానకు పోవాలె."

పైకప్పు నుంచి బండ ఊడి నాయన కాలి మీద పడింది. మోకాలి కింద నుంచి ఎముక నుజ్జయింది. కాలు తీసేయక తప్పదన్నారు, తీసేశారు. అది జరుగుతున్నంత సేపూ అమ్మ, నాయనమ్మ దవాఖాన వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నారు. లతీఫున్నీసా మమ్మల్ని తన ఇంట్లో ఉంచుకుంది. వరండాలో జరిగింది నా పెళ్లయ్యాక అమ్మ నాకు చెప్పింది.

అమ్మ ఉన్నట్టుండి అత్త కాళ్ల మీద పడింది.

"నేను దించిన అత్తా. నా తోటే నీ కొడుకు కాలు వొయింది. ఒక్కసారి తిట్టు. గిన్నేండ్ల సంది ఒక్కసారన్న తిట్టవైతివి."

నాయనమ్మ కాళ్లు వెనక్కి తీసుకుంది.

"నేను గూడ మోసిన" అంది.

అమ్మకు అర్థం కాలేదు.

"మాది కమాన్‌పూర్ దిక్కు గాదు ముందుగాల. గత్తర రోగమొచ్చి ఊరు ఊరంత ఇడిసిపెట్టినం. మా అత్త గీ కుండనే నా నెత్తిన వెట్టింది. నా చిన్న బిడ్డ మీ మామ సంకల ఉన్నది. సదయ్య ఆయన చెయ్యి వట్టుకొని నడుస్తుండె. నడుమ తొవ్వల పిల్లకు వాంతులు వట్టుకున్నయి. అవ్వా, అవ్వా అని పిలిసింది. నేను మల్లలె. శానసేపు పిలిసింది. మల్ల పిలుసుడు బందయింది. నిద్రవొయిందనుకున్న."

నాయనమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఊరు చేరినంక తల్లిని గద్దె మీద మంచిగ కూసోవెట్టి అప్పుడు ఎనుకకు మల్లి సూసిన. అందరు మెచ్చుకున్నరు నన్ను. ఐలవ్వ దించలేదన్నరు."

నాయనమ్మే మళ్లీ అంది.

"వాగు కాడ నర్సింగం ఒర్రుతున్నడు. నేను బండి మీద కూసోని, దించు బిడ్డా, దించు అని కడుపుల మొత్తుకున్న. నోట్లెకెల్లి రాలె. తల్లి ఇంటదని భయమైంది."

"మరి గిన్నేండ్లు చెప్పకపోతివేందత్తా? నేను సచ్చిపోతున్న గదా రోజు."

"ఏమని చెప్పాలె? నువ్వు దించినవు, నీ పిల్ల ఉన్నది. దించొచ్చని నాకప్పుడు తెల్వదాయె. మల్ల కుండ తెస్తె, మల్లెప్పుడో ఊరు మారుతరు. మల్ల ఎవలో ఒక ఆడిపిల్ల నెత్తినవెడుతరు. అందుకే వద్దన్న. వాని కాలు ఎందుకు వొయిందో నాకెర్కలేదు బిడ్డా. దించనిదాన్ని నాకేం మిగిలింది?" అంది.

లోపల నుంచి ఎవరో వచ్చి, అయిపోయింది, మనిషి బాగానే ఉన్నాడు, కాసేపాగి చూడొచ్చని చెప్పి వెళ్లారు. ఇద్దరూ తలలూపారు. లేవలేదు. అమ్మ జరిగి అత్త పక్కన భుజం తగిలేలా కూర్చుంది.

"ఆ పిల్ల పేరేందత్తా?" అని అడిగింది.

నాయనమ్మ నోరు తెరిచింది, మూసింది. అమ్మ తొందరపెట్టలేదు. చివరికి, "సమ్మవ్వ" అంది నాయనమ్మ, దూరంగా ఉన్న పిల్లను పిలిచినట్టు, గట్టిగా.