ముగింపు గీత దగ్గర మూరెడు తేడా

మూడేళ్ల క్రితం యూఏఈలో ఒక కార్ల పందెం ట్రాక్‌లో టైమింగ్ యంత్రాలు చూసేవాణ్ని. మా తాతగారి మాటకు ఊళ్లో ఎదురుండేది కాదు. ఆస్తులు పోయినా, నా మాటకు ఎవరైనా అడ్డు చెబితే నాకు ఇప్పటికీ పడదు.

ఆ రోజు ఫైనల్లో పక్కపక్క దారుల్లో దూసుకొచ్చిన రెండు కార్లలో ఎడమవైపుది సెకనులో వందో వంతు కూడా లేని తేడాతో గెలిచింది. ఓడిన అరబ్బు డ్రైవరు నా మీదికొచ్చాడు.

“మషీన్ గలత్ హై!”

“మా మషీన్ తప్పు చెప్పదు,” అన్నాను హిందీలో, అందరి ముందూ.

నా తోటి పనివాడు జగిత్యాల మల్లన్న చెవిలో అన్నాడు: “సారూ, పొద్దుగాల ఇసుక ఊడ్సేటందుకు ఎడమ దిక్కు సెన్సార్ జరిపినం గదా. మల్ల టేపు వట్టి వెట్టినవా?”

టేపు పట్టలేదు. కంటి అంచనాతో పెట్టేశాను. పొద్దున టేపు తెస్తానని అతనంటే, “నాకు నేర్పుతావా?” అని కసిరాను కూడా.

మేమిద్దరం నోరు మూసుకుంటే ఇంకెవరికీ తెలియదు. చెబితే ఉద్యోగం, వీసా రెండూ ఖలాస్. మా ముదీర్, అంటే మేనేజర్ దగ్గరికెళ్లి చెప్పేశాను. కొలిస్తే సెన్సార్ ముగింపు గీతకు మూరెడు ఇవతలే ఉంది; ఎడమ కారు గీత చేరకముందే దాటినట్టు లెక్కపడింది.

ముదీర్ నన్ను ఎగాదిగా చూసి, “యల్లా, కానివ్వండి, మళ్లీ పందెం!” అన్నాడు.

ఈసారి ఆ అరబ్బు డ్రైవరే గెలిచాడు. నేరుగా వచ్చి నాకు చేయి చాచాడు. తప్పు ఒప్పుకోవడం కన్నా ఆ చెయ్యి అందుకోవడమే నాకు కష్టమైంది.