కుర్చీ టీచరమ్మ

మేడమీద యోగా నేర్పే ఆవిడను వీధిలో అందరూ కుర్చీ టీచరమ్మ అంటారు. మడత కుర్చీలు, చెక్క దిమ్మలు, పట్టీలు ఆసరాగా ఇచ్చి, ఎవరి ఒళ్ళు ఎంత వంగితే అంతే చాలంటుంది. ఎముక మాత్రం దాని చోటు తప్పకూడదు. వయసులో ఉండగా గురువు వీపెక్కి వంచితే వెన్నుపూస జారి ఆవిడ మంచం పట్టింది.

ఒకరోజు ఆ గురువే తరగతికి వచ్చాడు. కుర్చీలు చూసి నవ్వాడు.

"ఋషులు కుర్చీలేసుకుని చేశారుటమ్మా? వేల ఏళ్ళ విద్యను ఇలా దిగజార్చావేం?"

అంటూనే, ముందుకు వంగి కూర్చున్న ఒక బాలింత వీపు మీద చేతులు ఆనించి నొక్కబోయాడు.

టీచరమ్మ ఒక్క అంగలో వెళ్ళి ఆ చేతులు లాగిపారేసింది.

"ఆసనమంటే మొదట్లో కుదురుగా కూర్చోవడమే. ఎదుటివాళ్ళ నడుం విరగ్గొట్టమని మీకు ఏ ఋషి చెప్పాడు?"

"గురువుతో మాట్లాడే తీరా ఇది?"

"మీరు నా నడుంతో ఆడుకున్న తీరు కంటే నయమే. మెట్లు దిగండి!"

ఆయన వెనకే సగంమంది శిష్యులు వెళ్ళిపోయారు. వాళ్ళలో ఆవిడ సొంత చెల్లెలూ ఉంది.

"పెద్దాయన, క్షమాపణ చెప్పక్కా" అని చెల్లెలు ఇప్పటికీ ఫోన్ చేస్తుంది.

"ముందు ఆయన్ని నాకు చెప్పమను" అని ఆవిడ ఠక్కున పెట్టేస్తుంది.